గాలికి ఊగే గొట్టం: ఈ ప్రయోగం మీరే ఎలా చేయాలి

హై టెన్షన్ లైన్ టవరు దగ్గర ఎప్పుడైనా తలెత్తి చూశారా? ఇన్సులేటర్ పక్కనే తీగకి చిన్న డంబెల్ లాంటిది వేలాడుతూ ఉంటుంది. దాన్ని స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపర్ అంటారు, 1920ల్లో అమెరికాలో జార్జ్ స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజినీరు కనిపెట్టాడు. అలాగే కొన్ని స్టీలు పొగగొట్టాలకి పైభాగంలో జడ అల్లినట్టు మెలికలు తిరిగిన పట్టీలు ఉంటాయి, అవి అందం కోసం పెట్టినవి కావు. రెండింటి పనీ ఒకటే: సన్నగా పొడుగ్గా ఉన్న వస్తువుని గాలి ఊపకుండా ఆపడం.

ఆ ఊపు ఎలా పుడుతుందో, ఎలా ఆగుతుందో ఒక అట్ట గొట్టం, నాలుగు స్ప్రింగులు, ఒక ఫోనుతో మీరే కొలవచ్చు. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇది బాగా సరిపోతుంది. కాలేజీలో 600 మి.మీ. చదరపు విండ్ టన్నెల్ (ఫ్యాన్‌తో లోపల గాలి సమంగా పారించే పెద్ద గొట్టం లాంటి పెట్టె) ఉందనుకుని రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసింది అలాంటి దానిలోనే. మీ దగ్గర 300 మి.మీ.ది ఉంటే అన్నీ సగం చేసుకుని లెక్కలు మళ్లీ వేసుకోండి.

ముందే ఒక మాట. మా బ్యాచ్ రెండు వారాలు టన్నెల్ ముందు కూర్చున్నా గొట్టం అంగుళం కూడా కదల్లేదు. గాలి సరిగ్గా రావట్లేదని ఫ్యాన్ విప్పారు, మోటారు మార్చమని అడిగారు, ఇన్‌చార్జితో తిట్లు తిన్నారు. చివరికి తేలిందేంటంటే గాలిలో ఏ తప్పూ లేదు, స్ప్రింగుల బదులు మేం వాడిన రబ్బరు బ్యాండ్లే ఊపంతా మింగేశాయి. ఈ ప్రయోగంలో సగానికి పైగా పని ఫ్యాను ఆపి ఉన్నప్పుడే జరుగుతుంది, కాబట్టి ఆ భాగం గురించే ఎక్కువ రాస్తాను, విసుగు పడకుండా చదవండి.

అసలు ఏం జరుగుతుంది

పంట కాలవలో కర్ర నిలువుగా గుచ్చి చూస్తే దాని వెనక సుడులు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి విడిపోతూ వరసగా పోతుంటాయి. గాలిలో కూడా అంతే, కాకపోతే కంటికి కనిపించదు. ఒక్కో సుడి విడిపోయినప్పుడల్లా గొట్టాన్ని గాలికి అడ్డంగా కొంచెం లాగుతుంది, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. సెకనుకి ఎన్ని జతల సుడులు విడుదలవుతాయో చెప్పే లెక్క చాలా తేలిక: 0.2 × గాలి వేగం ÷ గొట్టం వ్యాసం. ఆ 0.2 ని స్ట్రౌహాల్ సంఖ్య అంటారు, 1878లో చెక్ శాస్త్రవేత్త విన్సెంట్స్ స్ట్రౌహాల్ గాలిలో తీగలు చేసే మోత మీద పనిచేస్తూ పట్టుకున్న సంబంధం ఇది. 4 మి.మీ. తీగ మీద సెకనుకు 5 మీటర్ల గాలి వీస్తే 250 హెర్ట్జ్ (సెకనుకు 250 సార్లు) వస్తుంది, అంటే చెవికి వినిపించే రొద. రాత్రిపూట పొలాల్లో కరెంటు తీగలు ఈల వేయడం ఇదే.

ఇప్పుడు ఆ సుడుల లెక్క గొట్టం సొంత ఊపు లెక్కతో కలిసిందనుకోండి, ఉయ్యాలని సరిగ్గా సమయం చూసి తోసినట్టు ఊపు పెరుగుతూ పోతుంది. తమాషా ఏంటంటే, కలిశాక గాలి వేగం ఇంకాస్త పెంచినా సుడులు తమ పాత లెక్క వదిలేసి గొట్టం ఊపునే అనుసరిస్తాయి. దీన్ని లాక్-ఇన్ అంటారు. మీ ప్రయోగంలో చూపించాల్సింది ఇదే.

సైజులు ముందు కాగితం మీద

బజారుకి వెళ్లే ముందు లెక్క వేయండి. నేను వాడిన అంకెలు ఇవి: గొట్టం వ్యాసం 50 మి.మీ., పొడుగు 580 మి.మీ., కదిలే బరువు మొత్తం 200 గ్రాములు, నాలుగు స్ప్రింగులు, ఒక్కోదాని బిగువు మీటరుకు 200 న్యూటన్లు. నాలుగూ కలిపి 800. దాన్ని 0.2 కిలోతో భాగించి, వర్గమూలం తీసి, 6.28 తో భాగిస్తే దాదాపు 10 హెర్ట్జ్. ఇక సుడుల సూత్రాన్ని తిరగేసి 10 × 0.05 ÷ 0.2 అంటే, సెకనుకు 2.5 మీటర్ల గాలి దగ్గర ఊపు మొదలవ్వాలి.

పీవీసీ పైపు ఎందుకు కాదు అని అడుగుతారు. బరువు. గాలి చాలా తేలిక, హైదరాబాద్‌లో వేసవిలో ఘనపు మీటరు 1.1 కిలో ఉంటుంది. ఆ గాలి సుడులు బరువైన పైపుని ఊపాలంటే డ్యాంపింగ్, అంటే ఊపుని తినేసి తగ్గించే గుణం, దాదాపు సున్నా ఉండాలి, అది మీ వల్ల కాదు. అందుకని అట్ట గొట్టం. బట్టల షాపుల్లో తాన్లు చుట్టే గొట్టాలు అడిగితే ఊరికే ఇస్తారు, లేకపోతే ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ల దగ్గర దొరుకుతాయి. గోడ మందం 2 మి.మీ. మించనివి, వంకర లేనివి చూసుకోండి. నేల మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. బయట గరుకుగా ఉంటే సన్నటి చార్టు పేపరు ఒక్క చుట్టు అతికించండి.

50 మి.మీ. గొట్టం 600 మి.మీ. టన్నెల్‌లో 8 శాతం దారి మూసేస్తుంది. 5 శాతం లోపు ఉంటే మంచిది, కానీ గొట్టం సన్నబడితే ఊపు తగ్గిపోతుంది. నేను 8 శాతమే ఎంచుకుని రిపోర్టులో ఆ సంగతి రాశాను. మీ స్ట్రౌహాల్ సంఖ్య 0.2 కన్నా కొంచెం ఎక్కువ వస్తే కంగారు పడకండి, ఇరుకులో గాలి కాస్త వేగం పుంజుకుంటుంది, కారణం అదే కావచ్చు.

స్ప్రింగులు

హార్డ్‌వేర్ షాపులో మీటరుకు 200 న్యూటన్ల స్ప్రింగు కావాలంటే కొట్టువాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు. సైజులు చెప్పకండి, మెత్తగా సాగే లాగుడు స్ప్రింగులు ఒక డజను కొనుక్కుని ఇంటికొచ్చి తూకం వేయండి. మేకుకి తగిలించి కింద 300 గ్రాములు వేలాడదీసి స్కేలు మీద గుర్తు పెట్టండి, తర్వాత 800 గ్రాములు చేసి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య 24, 25 మి.మీ. ఉంటే అది మీ స్ప్రింగు. సున్నా నుంచి ఎందుకు కొలవకూడదంటే, ఇలాంటి స్ప్రింగుల చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి, అవి విడిపోవడానికే కొంత బరువు పడుతుంది, ఆ భాగం లెక్కలోకి వస్తే తప్పు అంకె వస్తుంది. డజనులో నాలుగు ఒకే రకంగా సాగేవి ఏరుకోండి. అంకె 200 కాకుండా 170 వచ్చినా 240 వచ్చినా నష్టం లేదు, నాలుగూ ఒకటిగా ఉంటే చాలు.

గొట్టం రెండు చివర్లకీ థర్మోకోల్ బిళ్లలు బిగించి, వాటి మధ్య నుంచి సన్నటి కార్బన్ రాడ్ బయటికి తీయండి. టన్నెల్ పక్క గోడల్లో 12 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. ఎత్తు చీలిక కోసి రాడ్ అందులోంచి బయటికి రావాలి. బయట ఒక్కో చివర పైన ఒక స్ప్రింగు, కింద ఒక స్ప్రింగు. స్ప్రింగులు గాలిలో ఉండకూడదు. గొట్టానికీ గోడకీ మధ్య రెండు పక్కలా 10 మి.మీ. వదలండి.

స్ప్రింగులు తగిలించిన ఫ్రేము టన్నెల్‌కి ఆనకూడదు. ఇది చాలామంది పట్టించుకోరు. టన్నెల్‌కే బిగిస్తే మోటారు అదురు స్ప్రింగుల్లోంచి గొట్టానికి చేరుతుంది, ఆ కదలికని మీరు సుడుల పని అనుకుంటారు. విడిగా ఇనప యాంగిల్స్‌తో ఫ్రేము చేసి నేల మీద నిలబెట్టి, కాళ్ల మీద ఇటుకలు పెట్టండి.

ఒక్కో స్ప్రింగునీ కనీసం 35 మి.మీ. సాగదీసి కట్టాలి. ఊపు 20, 25 మి.మీ. దాకా వెళ్తే కూడా ఏ స్ప్రింగూ వదులు కాకూడదు, వదులైతే టకటకమని శబ్దం వస్తుంది, అంకెలన్నీ చెడిపోతాయి.

ఇంకొకటి, గాలి గొట్టాన్ని వెనక్కి కూడా నెడుతుంది. దాన్ని ఆపడానికి రాడ్ రెండు చివర్ల నుంచీ గాలి వచ్చే వైపు మీటరు దూరంలో ఉన్న స్టాండుకి చేపల గాలానికి వాడే నైలాన్ దారం అడ్డంగా కట్టండి. దారం మీటరు పొడుగుంటే గొట్టం పైకీ కిందికీ 25 మి.మీ. వెళ్లినా దారం దాదాపు అడ్డు పడదు. పొట్టిగా కడితే అదే అదనపు స్ప్రింగు అయి కూర్చుంటుంది.

ఫ్యాన్ ఆపి కొలవాల్సినవి

ముందు బరువు. గొట్టం, బిళ్లలు, రాడ్ కలిపి తూకం వేసి, దానికి స్ప్రింగుల బరువులో మూడో వంతు కలపండి. స్ప్రింగు ఒక చివర కదులుతుంది, ఇంకో చివర కదలదు, అందుకని మూడో వంతు. నా దగ్గర 180 గ్రాములు, స్ప్రింగుల వాటా 20.

తర్వాత గొట్టాన్ని మధ్యలో వేలితో 15 మి.మీ. కిందికి నొక్కి వదలండి. ఫోనులో స్లో మోషన్, సెకనుకి 240 ఫ్రేములు పెట్టి వీడియో తీయండి. మామూలు 30 ఫ్రేముల వీడియో పనికిరాదు, 10 హెర్ట్జ్ ఊపుకి ఒక్క ఊపులో మూడే చుక్కలు వస్తాయి. గొట్టం చివర తెల్ల కాగితం మీద నల్ల చుక్క పెట్టి, పక్కనే అదే దూరంలో స్కేలు అతికించండి. ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ చుక్కని తనే వెంటాడి ఎత్తు-సమయం పట్టిక ఇస్తుంది.

ఫోనులోనే కదలిక కొలిచే సెన్సర్ ఉంది కదా, దాన్ని గొట్టానికి కట్టేస్తే పోలేదా అని మీకు తప్పకుండా అనిపిస్తుంది, మాకూ అనిపించింది. ఫోను 200 గ్రాములు, గొట్టం కూడా అంతే. కట్టిన మరుక్షణం బరువు రెట్టింపు అయిపోయి మీరు లెక్కేసిందంతా మారిపోతుంది. చిన్న సెన్సర్ ముక్కని ఆర్డినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: 10 హెర్ట్జ్ దగ్గర 15 మి.మీ. ఊపు అంటే త్వరణం భూమి గురుత్వానికి ఆరు రెట్లు. ఏడీఎక్స్‌ఎల్ 335 మూడు రెట్ల దాకానే చూపిస్తుంది, ఎంపీయూ 6050 ఐతే మొదట్లో రెండు రెట్ల దగ్గరే ఉంటుంది, సెట్టింగు 16 కి మార్చుకోవాలి. లేకపోతే గ్రాఫు తల నరికినట్టు చదునుగా వస్తుంది. పైగా దాని వైర్లు కూడా ఊపుని తినేస్తాయి. నా ఓటు కెమెరాకే.

ఇప్పుడు వీడియోలోంచి డ్యాంపింగ్ తీయాలి. ఉదాహరణకి మొదటి ఊపు 15 మి.మీ., 50 ఊపుల తర్వాత 5.9 మి.మీ. అనుకోండి. 15 ని 5.9 తో భాగించి సహజ లాగరిథమ్ తీస్తే 0.933, దాన్ని 50 తో భాగిస్తే 0.0187, మళ్లీ 6.28 తో భాగిస్తే 0.003. ఇదే డ్యాంపింగ్ నిష్పత్తి. 0.003 కి దగ్గర్లో ఉంటే ముందుకు వెళ్లండి. 0.01 దాటితే గాలి జోలికి పోకండి, ముందు ఊపు ఎక్కడ పోతోందో వెతకండి.

వెతకడానికి ఒక చిట్కా ఉంది. ఊపు తగ్గే తీరు గ్రాఫులో చూడండి. వంపు తిరుగుతూ నెమ్మదిగా తగ్గితే మంచిదే. స్కేలు పెట్టి గీత గీసినట్టు తిన్నగా దిగి ఒక్కసారి ఆగిపోతే ఎక్కడో రాపిడి ఉంది, సాధారణంగా స్ప్రింగు కొక్కెం రాడ్ మీద తిరిగే చోట, లేదా రాడ్ చీలిక అంచుకి తగిలే చోట. కొక్కెం తీసేసి స్ప్రింగు చివరని రాడ్‌కి దారంతో గట్టిగా చుట్టి ఫెవిక్విక్ వేస్తే మాది పోయింది. ఇక రబ్బరు బ్యాండ్ల కథ: రబ్బరు సాగి తిరిగొచ్చే ప్రతిసారీ కొంత శక్తిని వేడిగా మార్చుకుంటుంది, ఎంత బాగా కట్టినా అంతే, దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఇంకో పరీక్ష. గొట్టం ఒక చివర పైకి వెళ్తుంటే రెండో చివర కిందికి వెళ్తోందా చూడండి, తక్కెడ లాగా. అలా ఊగితే స్ప్రింగులు సమానంగా లేవు. రెండు చివర్లనీ విడివిడిగా వీడియో తీస్తే తేలిపోతుంది.

చివరగా బరువు లెక్క నిజమో కాదో: గొట్టం లోపల మధ్యలో 20 గ్రాముల బరువు అతికించి మళ్లీ ఊపండి, 10 హెర్ట్జ్ 9.6 కి పడాలి. పడిందా, మీ 200 గ్రాముల లెక్క నమ్మొచ్చు.

ఈ అంకెలన్నిటినీ కలిపే ఒక సంఖ్య ఉంది, దాన్ని స్క్రూటన్ సంఖ్య అంటారు. 12.57 ని మీటరుకు బరువుతో, డ్యాంపింగ్ నిష్పత్తితో గుణించి, గాలి సాంద్రత × వ్యాసం వర్గంతో భాగించాలి. మా గొట్టానికి 12.57 × 0.345 × 0.003 ÷ (1.1 × 0.0025), అంటే 4.7 వస్తుంది. ఇది చిన్నదైతే ఊపు పెద్దది, పెద్దదైతే గొట్టం కదలదు. రబ్బరు బ్యాండ్ల రోజుల్లో మాది ఎంతుండేదో మేం లెక్క కూడా వేయలేదు, అదే మేం చేసిన అసలు తప్పు.

గాలి

ల్యాబు సీలింగ్ ఫ్యాన్లు ఆపేయండి, తలుపులు ఎవరూ తీయకుండా చూడండి. టన్నెల్ పీల్చేది ఆ గదిలో గాలినే.

మీ టన్నెల్ సెకనుకు 30 మీటర్ల కోసం తయారైనదైతే 2.5 దగ్గర మోటారు ఆగుతూ సాగుతూ గింజుకుంటుంది. బయటికి పోయే చోట చిల్లుల రేకో, మందపాటి జాలీయో అడ్డం పెట్టండి. దారి బిగుసుకుంటే అదే వేగానికి ఫ్యాను ఇంకా వేగంగా తిరగాలి, అప్పుడు మోటారు నిలకడగా ఉంటుంది.

వేగం దేనితో కొలుస్తారు? టన్నెల్ పక్కన గోడకి తగిలించిన మానోమీటర్‌తో (నీటి మట్టం తేడాతో ఒత్తిడి చూపించేది) మాత్రం కాదు. సెకనుకు 2.5 మీటర్ల గాలి ఇచ్చే ఒత్తిడి మూడున్నర పాస్కల్స్ కూడా సరిగ్గా ఉండదు, నీటి మట్టంలో మూడో వంతు మిల్లీమీటరు. కంటితో చదవడం అసాధ్యం. హాట్ వైర్ అనిమోమీటర్ (వేడి తీగ ఎంత చల్లబడిందో చూసి గాలి వేగం చెప్పేది) ఉంటే అదృష్టం, లేకపోతే ఏసీ మెకానిక్‌లు వాడే చిన్న ఫ్యాన్ రకం అనిమోమీటర్ తెచ్చుకోండి. గొట్టం లేకుండా ముందే ఖాళీ టన్నెల్‌లో, గొట్టం ఉండబోయే చోట పెట్టి, కంట్రోలర్ ఏ అంకె దగ్గర ఎంత వేగమో పట్టిక రాసుకోండి. మానోమీటరే కావాలంటే నాలుగు రెట్లు గట్టి స్ప్రింగులు వేయాలి, అప్పుడు ఫ్రీక్వెన్సీ 20 అయి వేగం 5 కి వెళ్తుంది, అప్పుడైనా వచ్చేది నీటి మట్టంలో 1.4 మి.మీ. మాత్రమే.

గొట్టాన్ని ఊగనివ్వడానికి ముందు ఒకసారి కదలకుండా కట్టేసి సుడులు నిజంగా వస్తున్నాయో లేదో చూడండి. దీనికి అగరుబత్తి చాలు. వేగం బాగా తగ్గించి సెకనుకు అర మీటరు దగ్గర ఉంచి, గొట్టం ముందు అగరుబత్తి పట్టుకుంటే పొగ వెనక పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. లెక్క ప్రకారం సెకనుకి రెండు మెలికలు రావాలి, కళ్లతోనే లెక్కపెట్టొచ్చు. మా వాళ్లలో ఈ పొగ చూశాకే ప్రాజెక్టు మీద నమ్మకం కుదిరినవాళ్లు ఉన్నారు.

కొలిచే రోజు

గాలి వేగం సెకనుకు 1.5 మీటర్ల నుంచి మొదలుపెట్టి 0.1 చొప్పున పెంచుతూ 5 దాకా వెళ్లండి. మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగి, తర్వాత 20 సెకన్లు వీడియో. డ్యాంపింగ్ తక్కువ కాబట్టి ఊపు పూర్తిగా ఎదగడానికీ, చావడానికీ టైము పడుతుంది. ఆగకుండా గబగబా తీసేస్తే ఒకదాని ఊపు ఇంకోదాంట్లో కనిపిస్తుంది.

వేగం 2.3 దాకా ఏమీ ఉండదు, సన్నగా వణుకు. 2.5 దాటాక గొట్టం తనంతట తనే లేచినట్టు ఊగడం మొదలుపెడుతుంది. స్క్రూటన్ సంఖ్య 4, 5 మధ్య ఉంటే రెండు వైపులా 10 నుంచి 20 మి.మీ. వచ్చే అవకాశం ఉంది. ఈలోపు ఫ్రీక్వెన్సీ మీద కన్నేసి ఉంచండి: వేగం 2.6, 2.8, 3.0 అని పెరుగుతున్నా ఊపు 10 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. వెనక హాట్ వైర్ పెట్టగలిగితే సుడులు కూడా 0.2 సూత్రం వదిలేసి అదే 10 దగ్గర నిలబడ్డాయని కనిపిస్తుంది. దాదాపు 3.5 దగ్గర ఉన్నట్టుండి వదిలేస్తుంది.

ఐదు దాకా వెళ్లాక ఫ్యాన్ ఆపేసి ఇంటికి పోకండి. అదే దారిలో కిందికి రండి, 0.1 చొప్పున. చాలామంది వదిలేసే భాగం ఇదే, కానీ గ్రాఫులో అందరూ ఆగి చూసేది కూడా ఇదే. పైకి వెళ్లేటప్పుడు ఒక వేగం దగ్గర వచ్చిన ఊపు, కిందికి వచ్చేటప్పుడు అదే వేగం దగ్గర తక్కువగా ఉండొచ్చు. 1968లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఫెంగ్ చేసిన ప్రయోగంలో ఈ రెండు దారులు స్పష్టంగా విడిపోయి కనిపిస్తాయి, ఈ రంగంలో ఇప్పటికీ అందరూ తమ గ్రాఫుని దానితోనే పోల్చుకుంటారు.

గ్రాఫు గీసేటప్పుడు అడ్డంగా వేగాన్ని అలాగే పెట్టకండి, వేగాన్ని ఫ్రీక్వెన్సీ × వ్యాసంతో భాగించి పెట్టండి. నిలువుగా ఊపుని వ్యాసంతో భాగించి. అప్పుడు మీ అట్ట గొట్టాన్నీ ఇంకొకరి ఇత్తడి గొట్టాన్నీ ఒకే కాగితం మీద పెట్టొచ్చు. మీ ఊపు 5 దగ్గర మొదలై 7 దగ్గర అయిపోవాలి.

మీ టన్నెల్ గాలి పీల్చే రకమైతే ఫ్యాను గొట్టానికి వెనక ఉంటుంది. ఏదైనా ఊడిపోతే నేరుగా రెక్కల్లోకి పోతుంది. మధ్యలో ఇనప జాలీ పెట్టకుండా స్విచ్ వేయొద్దు. స్ప్రింగు తెగితే కంటి ఎత్తుకే వస్తుంది, కళ్లజోడు పెట్టుకోండి.

ఊపు ఆపడం

మెలికల పట్టీలు, వీటిని బ్రిటన్‌లో నేషనల్ ఫిజికల్ లాబరేటరీలో క్రిస్టఫర్ స్క్రూటన్ బృందం తయారుచేసింది. పేరు గుర్తుపట్టారు కదా, పైన సంఖ్యకి పేరిచ్చింది కూడా ఆయనే. వాడుకలో ఉన్న కొలత: మూడు పట్టీలు, ఎత్తు వ్యాసంలో పదో వంతు, ఒక పూర్తి చుట్టుకి వ్యాసానికి ఐదు రెట్ల పొడుగు. మన గొట్టానికి 5 మి.మీ. నైలాన్ తాడు మూడు వరసలు, 250 మి.మీ.కి ఒక చుట్టు. సుడులు గొట్టం పొడుగునా ఒకేసారి విడిపోకుండా తాడు చెదరగొడుతుంది, ఒక్కోచోట ఒక్కో సమయంలో లాగితే అన్నీ కలిసి ఊపలేవు.

ఇక్కడ ఒక మోసం దాగి ఉంది, వైవాలో దొరికిపోయేది ఇక్కడే. తాడు దాదాపు 30 గ్రాములు. తాడు చుట్టాక ఊపు తగ్గిందంటే తాడు ఆకారం వల్లా, పెరిగిన బరువు వల్లా? అందుకని ఉత్త గొట్టం లోపల కూడా 30 గ్రాముల బరువు సమంగా అతికించి దాన్నీ మళ్లీ కొలవండి. రెండిట్లోనూ డ్యాంపింగ్ మళ్లీ తీయండి. అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది. ఈ పట్టీలు గాలి నెట్టుడుని మాత్రం పెంచుతాయి, దారం మీద బిగువు పెరగడం చేత్తో తాకితేనే తెలుస్తుంది.

రెండో దారి డ్యాంపింగ్ పెంచడం. స్పాంజీలు, నూనె గిన్నెలు వద్దు, కొలవడం కష్టం. రాడ్ చివర పల్చటి అల్యూమినియం రేకు ముక్క అతికించి, అది రెండు గట్టి అయస్కాంతాల మధ్య తాకకుండా ఆడేట్టు పెట్టండి. రేకు కదిలినప్పుడు దానిలో పుట్టే కరెంటు ఊపుని ఆపుతుంది. అయస్కాంతాలని దగ్గరికి జరిపితే డ్యాంపింగ్ ఎక్కువ, దూరం జరిపితే తక్కువ, రేడియో గుండీ తిప్పినట్టు. ఐదారు స్థానాల్లో పెట్టి ప్రతిసారీ ముందు గాలి లేకుండా డ్యాంపింగ్, తర్వాత గాలిలో పెద్ద ఊపు. అడ్డంగా స్క్రూటన్ సంఖ్య, నిలువుగా ఊపు. ప్రాజెక్టు రిపోర్టులో ఒక్క బొమ్మకే చోటుంటే నేను ఇదే పెడతాను.

పెద్ద వాటితో పోల్చేటప్పుడు

3 మీటర్ల వ్యాసం, 1 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ ఉన్న స్టీలు పొగగొట్టానికి అదే సూత్రం వేస్తే సెకనుకు 15 మీటర్లు, అంటే గంటకు 54 కిలోమీటర్ల గాలి. తుపాను అక్కర్లేదు, గట్టి ఈదురుగాలి చాలు. ఇది రాయండి, కానీ మీ గొట్టం తన వ్యాసంలో ఇంత భాగం ఊగింది కాబట్టి పొగగొట్టం కూడా అంతే భాగం ఊగుతుందని మాత్రం రాయకండి. మీ రెనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం × వ్యాసం ÷ గాలి జిగట) ఎనిమిది వేల దగ్గర, దానిది ముప్పై లక్షల దగ్గర, అక్కడ సుడుల తీరే వేరు.

2020 మే 5న చైనాలో హూమెన్ వంతెన అలలా ఊగిన వీడియో చూపించండి, అది మీ ప్రయోగానికి సరైన ఉదాహరణ. మరమ్మతుల కోసం అంచుల వెంట నీళ్లు నింపిన అడ్డు డబ్బాలు పేర్చారు, వంతెన ఆకారం మారింది, సుడులు పట్టుకున్నాయి. టకోమా వంతెన మాత్రం వద్దు. 1940 నవంబరు 7న కూలిన ఆ వంతెనని అందరూ సుడుల ఖాతాలో వేస్తారు. ఆ గాలికి సుడులు సెకనుకి ఒకసారి చొప్పున రావాలి, వంతెన మెలితిరిగింది ఐదు సెకన్లకి ఒకసారి. అది ఫ్లట్టర్, అంటే వంతెన కదలికే తనని తిప్పే బలాన్ని పుట్టించుకోవడం. ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుందని రాసిపెట్టుకోండి.

టైము మిగిలితే

గుండ్రటి గొట్టం తీసేసి 50 మి.మీ. చదరపు థర్మోకోల్ దిమ్మె అదే స్ప్రింగుల మీద పెట్టండి, చదునైన ముఖం గాలికి ఎదురుగా. దీని కథ వేరు. గుండ్రటిది ఒక వేగం దగ్గర ఊగి తర్వాత శాంతించింది, చదరపుది సుడుల వేగం దాటాక కూడా గాలి పెంచేకొద్దీ ఇంకా ఇంకా ఊగుతుంది, దాన్ని గ్యాలపింగ్ అంటారు. మంచు పేరుకున్న కరెంటు తీగలు చలి దేశాల్లో ఇలాగే ఎగిరెగిరి పడతాయి. ఇది ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం కాబట్టి చీలికల్లో పైనా కిందా 30 మి.మీ. దగ్గర స్పాంజి ముక్కలు అడ్డంగా అతికించండి, స్ప్రింగుల్ని ఇంకో 10 మి.మీ. సాగదీసి కట్టండి, ఒకరు ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి పెట్టి ఉండండి. మేం స్పాంజి పెట్టలేదు. దిమ్మె రెండు ముక్కలై జాలీకి అతుక్కుంది, ల్యాబంతా థర్మోకోల్ పూసలు ఏరడానికి సాయంత్రం ఆరైంది.